మేస్త్రీ వేలు

వైరు పట్టుకునే ముందు కరెంటు మేస్త్రీ తన కుడిచేతి చూపుడువేలు మడిచి, దాని వీపుతో వైరును ఒక్కసారి అలా తాకి చూస్తాడు. వేలి లోపలివైపుతో కాదు, వెనకవైపుతో. కరెంటు కొడితే చెయ్యి ముడుచుకుంటుంది కదా, లోపలివైపుతో ముట్టుకున్నవాడు వైరును పిడికిట్లో బిగించుకునే పోతాడు. వెనకవైపుతో ముట్టుకున్నవాడి చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేస్తుంది. ఇది ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. ఉండకూడదు కూడా. చావుతో సరసమాడటానికి పుస్తకాలెందుకు? అయినా ముప్పై ఎనిమిదేళ్లుగా ఆయన అలాగే చేస్తున్నాడు, నిక్షేపంలా ఉన్నాడు. ఆ ఊళ్లో పాతకాలం మేస్త్రీలంతా అంతే. టెస్టరు జేబులో ఉంటుంది, నమ్మకం మాత్రం వేలిమీద ఉంటుంది.

ఆ మేస్త్రీ దగ్గర పదకొండేళ్లు పని నేర్చుకుని, తర్వాత చదివి, పరీక్షలు రాసి, నగరపాలక ఆఫీసులో కరెంటు ఇన్‌స్పెక్టరైన మనిషి ఒకడున్నాడు. ఈ కథ అతనిది. మేస్త్రీది అనుకుంటారేమో, మేస్త్రీకేం, ఆయన చివరిదాకా దర్జాగానే ఉన్నాడు. మధ్యలో పడి నలిగిపోయింది ఇన్‌స్పెక్టరు.

మేస్త్రీని అతను బాబాయ్ అంటాడు, మేస్త్రీ భార్యను పిన్ని అంటాడు. రక్తసంబంధం ఏమీ లేదు, ఉత్త పిలుపే. పదకొండేళ్లు వాళ్లింట్లో వాళ్ల పిల్లాడిలా తిని తిరిగితే పిలుపు అలా అతుక్కుపోయింది. కొత్త లైసెన్సు పరీక్షలు మొదలవుతున్నాయనగా ఆఫీసువాళ్లు పరీక్షకులందరికీ ఒక కాగితం ఇచ్చారు, అభ్యర్థుల్లో మీ బంధువులు ఎవరైనా ఉన్నారా అని. లేరు అని రాసిచ్చాడు. అబద్ధం కాదు. అయినా ఆ ఒక్క ముక్క రాయడానికి అతనికి చెయ్యి ఆడలేదు.

అసలు ఈ పరీక్షలు ఎందుకొచ్చాయో చెప్పాలి. పోయినేడు ఒక మధ్యాహ్నం బజారువీధిలో బట్టల గోడౌను అంటుకుంది. ఇద్దరు పనివాళ్లు లోపలే ఉండిపోయారు. తీరా విచారిస్తే, ఆ గోడౌనుకు వైరింగు చేసినవాడి దగ్గర వంతెన అవతలి నగరం ఇచ్చిన లైసెన్సు ఉందని తేలింది. అదీ వాడి పేరుమీద కాదు, వాడి బావమరిది పేరుమీద. ఇకనేం, కౌన్సిలు కూర్చుంది. పక్క ఊరి లైసెన్సు మన ఊళ్లో చెల్లదు, ఎన్నేళ్ల అనుభవం ఉన్నా సరే, మన దగ్గర పరీక్ష పాసైతేనే మన ఊళ్లో బోర్డు విప్పాలి అని తీర్మానం చేసింది. బావమరిది కాగితంతో తిరిగేవాణ్ని పట్టుకోవడం చేతకాలేదు గానీ, సొంత కాగితం ఉన్నవాళ్లందర్నీ మాత్రం మళ్లీ బడికి తోలింది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పుపెట్టుకోవడమంటే ఇదే. కానీ చచ్చిపోయిన ఆ ఇద్దరి పెళ్లాలు కౌన్సిలు మెట్లమీద కూర్చుని గుండెలు బాదుకుంటుంటే ఆ మాట అనడానికి ఎవరికి నోరొస్తుంది? ఇన్‌స్పెక్టరుకూ రాలేదు.

నోటీసు అందిన రోజే మేస్త్రీ పనిసంచీ భుజాన వేసుకుని తిన్నగా ఆఫీసుకొచ్చాడు.

“ఏరా బక్కోడా,” అన్నాడు. ఇన్‌స్పెక్టరు ఇప్పుడు బక్కగా లేడు, కుర్చీ నిండా ఉన్నాడు. మేస్త్రీకి అదేం పట్టదు. “వంతెన అవతల కరెంటు తియ్యగానూ, ఇవతల కరెంటు చేదుగానూ ఉంటుందంట్రా?”

“అది కాదు బాబాయ్, రూలు మారింది.”

“ఇదిగో నా లైసెన్సు. ఇరవై రెండేళ్లనాటిది. చూడు, ఫొటోలో నాకు జుట్టు కూడా ఉంది.”

“జుట్టున్నా చెల్లదు బాబాయ్.”

పక్క బల్ల గుమాస్తా ఫక్కున నవ్వాడు. మేస్త్రీ కూడా నవ్వాడు. ఆయన నవ్వు పూర్తయ్యేదాకా ఆగి, వచ్చే నెల మొదటి తేదీ నుంచి ఈ ఊరి లైసెన్సు నంబరు లేనివాడు చేసిన పనికి కనెక్షన్ ఇవ్వరని, పట్టుబడితే కేసు పెడతారని ఇన్‌స్పెక్టరు మెల్లిగా చెప్పాడు. వంతెన అవతలికెళ్లి చేసుకోవచ్చు కదా అని మాత్రం అనలేదు. లైసెన్సు అక్కడిదే గానీ ఆ ఊళ్లో మేస్త్రీని ఎరిగినవాడు ఒక్కడు లేడు. ఈ ఊళ్లోనా, ఏ ఇంటి గోడలో వైరు ఎక్కడ వంపు తిరిగిందో ఆ ఇల్లు కట్టుకున్నవాడికన్నా ఆయనకే బాగా తెలుసు. ఇళ్లవాళ్లు ఆయన్ని పిలవరు, “మేస్త్రీకి చూపించాలి” అంటారు, డాక్టరుకు చూపించాలన్నట్టు.

ఆ ఆదివారం పిన్ని ఇన్‌స్పెక్టరు ఇంటికొచ్చింది. మంచినీళ్లు కూడా తాగకుండా మొదలుపెట్టింది.

“ఒరే నాన్నా, ఆయన ఇంట్లో కూర్చుంటే మనిషి దక్కడు. పోయిన నెల జ్వరమొచ్చి నాలుగు రోజులు ఇంట్లో ఉన్నాడా, మొదటిరోజు స్విచ్చులన్నీ విప్పి మళ్లీ బిగించాడు. రెండోరోజు మిక్సీ విప్పాడు. నాలుగోరోజు తెల్లారేసరికి ఫ్యాను కింద ఉంది, మేం ఉక్కపోతలో ఉన్నాం. ఇక జన్మంతా ఇంట్లోనే ఉంటే నేనేమైపోవాలి?”

ఇన్‌స్పెక్టరు భార్యకు నవ్వాగలేదు. పిన్ని మాత్రం నవ్వలేదు.

“పరీక్ష పెట్టేది నువ్వేనంటగా. కాస్త చూసుకో.”

“నేనొక్కణ్నే కాదు పిన్నీ. పైన ఇంజనీరమ్మ ఉంటుంది. నిప్పులాంటి మనిషి. ఆవిడ ముందు నేను దగ్గినా తప్పే.”

“అంటే ఏమీ చెయ్యలేవా?”

“ముందుగా నేర్పించగలను. అంతే.”

పిన్ని ఇంకేదో చెప్పబోయి, గుమ్మం దాకా వెళ్లి ఆగి, “సర్లే, నువ్వు రా ఇంటికి” అని వెళ్లిపోయింది. ఏం చెప్పబోయిందో ఇన్‌స్పెక్టరు అడగలేదు. అడగాల్సింది. ఇప్పుడనుకుని ఏం లాభం?

తాతకు దగ్గులు నేర్పడమంటే ఏమిటో ఆ నెలరోజుల్లో ఇన్‌స్పెక్టరుకు తెలిసొచ్చింది. రాతపరీక్ష గురించే అందరికీ భయం. మూడువందల ప్రశ్నల పుస్తకం అది. పరీక్షలో కావాలన్నవాళ్లకు గుమాస్తా ప్రశ్న చదివి వినిపించి, నోటితో చెప్పిన జవాబు రాసుకుంటాడు. పిన్ని గట్టిగా చదివేది, మేస్త్రీ గోడకు చేరగిలబడి కళ్లు మూసుకుని వినేవాడు. “ఒక గదికి ఎన్ని పాయింట్లు?” అని పిన్ని అడిగితే, “ఆ ఇంటాయన ఎన్ని పెట్టమంటే అన్ని” అనేవాడు. ఆవిడ పుస్తకంతో నెత్తిమీద ఒకటిచ్చేది. అలా దెబ్బలు తింటూనే యాభైకి నలభై ఆరు తెచ్చుకున్నాడు. వీధంతా మిఠాయిలు పంచాడు, అయిపోయిందిక అన్నట్టు. చేతిపరీక్ష ఇంకా మిగిలే ఉందన్నా ఎవరికీ లెక్క లేదు. చేపపిల్లకి ఈత పరీక్ష పెడితే ఎవడు భయపడతాడు?

భయపడింది ఇన్‌స్పెక్టరు ఒక్కడే. అతనికి ఆ వేలు తెలుసు. టెస్టరుతో చూసి, ఉందనో లేదనో పైకి చెప్పేలోపు ఒట్టిచేత్తో వైరు ముట్టుకున్నవాణ్ని అక్కడికక్కడే బయటికి పంపాలని రూలు.

మేస్త్రీ ఇంటి వసారాలో అతనే ఒక పాత బోర్డు బిగించి రోజూ సాయంత్రం సాధన చేయించాడు. ఇన్‌స్పెక్టరు వెనక నిలబడి ఒక స్విచ్చు వేస్తాడు, లేదా ఆపుతాడు. మేస్త్రీ టెస్టరు పెట్టి “ఉంది” అనో “లేదు” అనో చెప్పాలి. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. కానీ అయిదుసార్లలో నాలుగుసార్లు టెస్టరు కంటే ముందు వేలు వెళ్లిపోయేది.

“బాబాయ్! వేలు!”

“పెట్టానా?”

“పెట్టావు.”

“నాకు తెలీలేదురా, నిజంగా.”

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఇది పుట్టుకతో వచ్చింది కాదు, పనితో వచ్చింది. ఇంకా గట్టిది. చివరికి ఇన్‌స్పెక్టరే ఒక ఉపాయం చేశాడు. ఆ చూపుడువేలికి మందపాటి గుడ్డతో కట్టుకట్టి, మీద ప్లాస్టరు చుట్టాడు. వేలు మడవబోతే కట్టు బిగుసుకుంటుంది, ఆయనకు గుర్తొస్తుంది. “నా వేలికి ముక్కుతాడు వేశావురా,” అని మేస్త్రీ గొణిగాడు గానీ, మూడు రోజులు వేలు నిజంగానే లేవలేదు. నాలుగోరోజే పరీక్ష.

ఆఫీసు వెనకున్న పొడుగాటి హాల్లో పెట్టారు. అభ్యర్థులకు బాగా వెలుతురుండాలని పడమటి కిటికీల ఎదురుగా బోర్డులు బిగించారు. మెయిన్ ఆపేసి ఉంటుంది. నాలుగు వైర్లు బయటికి ఉంటాయి. అందులో ఒకదాంట్లో మాత్రం వేరే గదిలోంచి దొంగతనంగా కరెంటు వస్తుంటుంది. ఏది బతికున్న వైరో టెస్టరుతో కనిపెట్టి పైకి చెప్పి, దాన్ని కట్టడి చేసి, సాకెట్టు మార్చాలి. గోడౌనుకు నిప్పంటించింది ఇలాంటి దొంగ కరెంటేనట. అందుకే ఇంజనీరమ్మ పట్టుబట్టి ఈ పరీక్ష పెట్టించింది. ఆ మంటలు ఆరాక లోపలికి వెళ్లి చూసినవాళ్లలో ఆవిడ ఒకతె. నిప్పులాంటి మనిషి అని ఊరికే అన్నారా, ఆవిడకు కారణం ఉంది.

పొద్దున్న పరీక్షకొచ్చినవాళ్లు ఇట్టే చేసేసి వెళ్లారు. మేస్త్రీ వంతు వచ్చేసరికి రెండున్నర అయింది. ఎండ నేరుగా వచ్చి బోర్డుమీద పడుతోంది. గోడవారగా బల్లమీద ఇంకా అయిదారుగురు తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఇద్దరు ఒకప్పుడు మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నవాళ్లే.

“వేలికేమైంది? దెబ్బ తగిలిందా?” అని ఇంజనీరమ్మ అడిగింది.

“దెబ్బ కాదమ్మా. మాట వినడం లేదని కట్టేశాం.”

ఆవిడ నవ్వింది. ఆ ఇంజనీరమ్మ నవ్వడం ఇన్‌స్పెక్టరు చూడటం అదే మొదటిసారి. ఇక ఫర్వాలేదనుకున్నాడు పిచ్చివాడు.

మేస్త్రీ పనిముట్లు వరసగా పరుచుకున్న తీరు చూసి బల్లమీదివాళ్లు మెడలు చాచారు. మొదటి వైరుకు టెస్టరు పెట్టి “లేదు” అన్నాడు. రెండోదానికి పెట్టి “లేదు” అన్నాడు. రెండూ సరైనవే. మూడోదానికి పెట్టి ఆగిపోయాడు.

కరెంటు ఉన్నది మూడోదాంట్లోనే. ఇన్‌స్పెక్టరుకు తెలుసు, పొద్దున్న తనే కలిపాడు. మేస్త్రీ అరచెయ్యి గొడుగులా అడ్డంపెట్టి టెస్టరులోకి చూశాడు. మొహం దగ్గరికి తెచ్చుకుని చూశాడు. కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. టెస్టరు తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ చూశాడు. చెప్పు బాబాయ్, ఉందని చెప్పు, నీకు దణ్ణం పెడతా, అని ఇన్‌స్పెక్టరు లోలోపల అరుస్తున్నాడు. పైకి దగ్గడానికి కూడా లేదు. రెండంగల దూరంలో నిలబడి చూడటం తప్ప అతను చెయ్యగలిగింది ఏమీ లేదు.

చూపుడువేలు కదల్లేదు. కట్టు దాన్ని నిజంగానే కట్టేసింది. దాని పక్కనున్న నడిమివేలు మెల్లిగా మడుచుకుని, ముందుకెళ్లి, వీపుతో మూడో వైరును తాకింది. చెయ్యి చటుక్కున వెనక్కొచ్చింది.

“ఉందమ్మా!” అన్నాడు మేస్త్రీ సంతోషంగా. “మూడోదాంట్లో ఉంది!”

ఇంజనీరమ్మ చేతిలోని కాగితాల అట్ట టేబులుమీద పెట్టింది. “ఆపండి,” అంది.

“ఎందుకమ్మా? దొరికిందిగా?”

ఆయనకు ఇంకా తెలీలేదు. బల్లమీదివాళ్లలో ఒకడు “వేలు, మేస్త్రీ” అంటూ తన నడిమివేలు మడిచి చూపించాడు. మేస్త్రీ తన చేతిని తనే కాసేపు చూసుకుని, వెళ్లి బల్ల చివర కూర్చున్నాడు.

ఇంజనీరమ్మ ఇన్‌స్పెక్టరును పక్కకు పిలిచింది. ఆవిడ గొంతులో కోపం లేదు, అనుమానం ఉంది.

“ముప్పై ఎనిమిదేళ్ల అనుభవం. టెస్టరు చేతిలోనే ఉంది, పెట్టి చూస్తూనే ఉన్నాడు. మళ్లీ వేలెందుకు పెట్టాడు? వెలుగు కనబడలేదా ఆయనకి?”

“ఎండ పడుతోంది మేడమ్...”

“మీరు చూడండి. ఎండే అయితే మీకూ కనబడకూడదు.”

ఇన్‌స్పెక్టరు వెళ్లి మేస్త్రీ నిలబడ్డ చోటే నిలబడ్డాడు. మూడో వైరుకు టెస్టరు పెట్టి, అరచెయ్యి అడ్డంపెట్టి చూశాడు. కనబడింది. పొద్దుటంత బాగా కాదు గానీ, చిన్న నారింజరంగు మినుకు స్పష్టంగా కనబడుతోంది. చూపున్నవాడెవడికైనా కనబడుతుంది.

అప్పుడర్థమైంది అతనికి. వసారాలో బాబాయ్ ఒక్కసారి కూడా ఎందుకు తప్పు చెప్పలేదో అర్థమైంది. ఆయన టెస్టరు చూసి చెప్పలేదు, వేలితో చెప్పాడు, వేలు కట్టేశాక వెనక స్విచ్చు టిక్కుమన్న చప్పుడు విని చెప్పాడు. పిన్ని గుమ్మంలో ఆగి మింగేసిన మాట ఏమిటో కూడా అర్థమైంది.

పాసవ్వనివాళ్ల కాగితంలో రెండే గడులున్నాయి. మొదటిది, పనిలో పరిజ్ఞానం లేదు, ఆరు నెలల తర్వాత మళ్లీ రావచ్చు. రెండోది, చూపు వంటి శరీరలోపం, శాశ్వతంగా అనర్హుడు. ఒట్టిచేత్తో ముట్టుకున్నవాణ్ని మొదటి గడిలో వెయ్యాలని పుస్తకంలోనే ఉంది. ఎందుకు ముట్టుకున్నాడని ఎవరూ తవ్వకపోతే మొదటి గడే. తవ్వితే రెండోది.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఉన్న మాట చెబితే బాబాయ్ బతుకు ఈ మధ్యాహ్నంతో సరి. చెప్పకపోతే, చూపులేని మనిషి రేపు ఎవరింట్లోనో నిచ్చెనెక్కి వేలు పెడతాడు, ఎల్లకాలం వెనకవైపే తగులుతుందని రాసిపెట్టి ఉందా? కౌన్సిలు మెట్లు గుర్తొచ్చాయి. పిన్ని గుర్తొచ్చింది. ఆరు నెలలు టైము దొరికితే ఏదో ఒకటి చెయ్యొచ్చు, డాక్టరుకు చూపించొచ్చు, నచ్చజెప్పి మాన్పించొచ్చు, ముందు ఈ గండం గడవనీ అనుకున్నాడు.

“నాకూ కనబడలేదు మేడమ్,” అన్నాడు. “ఎండే.”

ఆవిడ అతని మొహంలోకి ఒక క్షణం చూసి తలూపింది. “సరే. మీ మాటే ఖాయం. వెంటనే ఆ కిటికీలకు అట్టలు పెట్టించండి, మిగతావాళ్లకు ఇబ్బంది కాకూడదు. కానీ వేలు పెట్టడం పెట్టడమే. కనబడకపోతే చెప్పాలి, ఇంకో టెస్టరు అడగాలి. మొదటి గడిలో వేసి చదివి వినిపించండి.”

కాగితంలో ఏం రాశారో అభ్యర్థికి చదివి వినిపించి సంతకం తీసుకోవాలని ఇంకో రూలు. ఇది కూడా ఇంజనీరమ్మ పెట్టిందే, ఎవరికీ అన్యాయం జరగకూడదని. మంచి రూలే. మంచి రూళ్లే మనిషిని చంపుతాయి ఒక్కోసారి.

ఇన్‌స్పెక్టరు మొదటి గడిలో గుర్తు పెట్టాడు. మేస్త్రీని టేబులు దగ్గరికి పిలిచాడు. చదవడం మొదలుపెట్టాడు. గొంతు తగ్గించి చదవబోతే ఇంజనీరమ్మ “గట్టిగా” అంది.

“అభ్యర్థికి విద్యుత్ పనిలో ప్రాథమిక పరిజ్ఞానం లేదని పరీక్షకులు నిర్ధారించడమైనది.”

“అంటే?” అన్నాడు మేస్త్రీ.

“ఏం లేదు బాబాయ్. సంతకం పెట్టు.”

“మనుషులు మాట్లాడే మాటల్లో చెప్పరా. ప్రాథమికమంటే?”

“అంటే... మొదట నేర్చుకునేది.”

“అది లేదా నాకు?”

ఇన్‌స్పెక్టరు ఇంజనీరమ్మ వైపు చూశాడు. ఆవిడ ఎదురుచూస్తోంది. “పని రాదని, బాబాయ్,” అన్నాడు. “ఉత్త కాగితం మాట. ఆరు నెలలాగి మళ్లీ రావచ్చు. ఇది మంచిదే. నా మాట విను.”

బల్లమీద ఎవడో కిసుక్కుమన్నాడు. మేస్త్రీ అటు తిరిగాడు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అంటారే, అలా ఉంది ఆయన మొహం. చేతిలోని కలం టేబులుమీద పెట్టేశాడు.

“కింద ఇంకో గడి ఉంది. అందులో ఏముంది?”

“అది నీకు సంబంధం లేదు.”

“ఏముందమ్మా అందులో?” అని ఇంజనీరమ్మనే అడిగాడు.

ఆవిడ చదివింది. చూపు అన్న మాట దగ్గర మేస్త్రీ తలూపాడు. శాశ్వతంగా అన్న మాట దగ్గర కూడా తలూపాడు.

“దాంట్లో వెయ్యండమ్మా నన్ను.”

“బాబాయ్, ఊరుకో!”

“నువ్వూరుకో.” కళ్లజోడు తీసి కాగితం పక్కన పెట్టాడు. “ఎడమకన్ను ఎప్పుడో పోయిందమ్మా. కుడిదాంట్లో కూడా అంతా మసకే. నరం ఎండిపోతోంది, ఇక రాదని డాక్టరు చెప్పి రెండేళ్లయింది. టెస్టరు వెలిగిందో లేదో నాకు కనబడదు. ఇందాక ఆ రెండూ కూడా అందాజుగా చెప్పాను. ఎండా లేదు, గిండా లేదు.”

ఇంజనీరమ్మ మెల్లిగా తలతిప్పి ఇన్‌స్పెక్టరును చూసింది. అతను తల దించుకున్నాడు.

“ఆరు నెలలు బాబాయ్,” అన్నాడు నేలకేసి చూస్తూనే. “ఆరు నెలలు దొరికేవి.”

“ఏం చేసుకోను? ఆరు నెలలు ఈ ఊళ్లో పని రాని మేస్త్రీగా తిరగనా?” మేస్త్రీ కాగితాన్ని అతని వైపు తోశాడు. “నాకు కళ్లు పోయాయి, పోయాయని రాయి. నాకేం సిగ్గు లేదు. పోతాయి, మనిషన్నాక. పని రాదని మాత్రం రాయకురా. నీకు నేర్పింది నేను. నీ చేత్తో ఆ మాట రాయకు.”

ఇన్‌స్పెక్టరుకు ఏడుపొచ్చింది. ఆఫీసు హాల్లో, అంతమంది ముందు, ముక్కు ఎగబీల్చుకుంటూ నిలబడ్డాడు. ఇంజనీరమ్మ ఏదైనా అంటుందేమో, ఆగండి, ఆలోచిద్దాం అంటుందేమో అని చూశాడు. ఆవిడకు మాత్రం ఏముంది అనడానికి? చూపు లేదని విన్నాక వినలేదనడం కుదరదు. కలం తీసి అతని చేతికిచ్చింది. “కొట్టేసిన చోట ఇద్దరం పొడిసంతకం పెట్టాలి,” అంది చాలా నెమ్మదిగా.

అతను మొదటి గడి కొట్టేసి, రెండో గడిలో గుర్తు పెట్టాడు. అభ్యర్థికి పని పరిజ్ఞానం పూర్తిగా ఉంది అని పక్కన ఖాళీలో రాశాడు. అలా రాయడానికి అక్కడ చోటు లేదు, అడ్డంగా ఇరికించి రాశాడు. ఇంజనీరమ్మ వద్దనలేదు.

“చదువు,” అన్నాడు మేస్త్రీ.

చదివాడు. గట్టిగానే చదివాడు. శాశ్వతంగా అన్నదీ చదివాడు, పరిజ్ఞానం పూర్తిగా ఉంది అన్నదీ చదివాడు. బల్లమీద ఈసారి ఎవరూ నవ్వలేదు.

“ఆఁ, ఇది నిజం,” అని మేస్త్రీ సంతకం పెట్టాడు. పనిముట్లు ఒక్కొక్కటే సంచీలో సర్దుకుని, మీ పిన్నితో నేనే చెబుతాలే, నువ్వు రాకు అని చెప్పి వెళ్లిపోయాడు.

తర్వాతి పేరు పిలవమంది ఇంజనీరమ్మ. ఇన్‌స్పెక్టరు పిలిచాడు.